ఘంటసాల గళయాత్ర

హైదరాబాదు నగరం నడిబొడ్డున, ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలకు చేరువలో బషీర్‌బాగ్ ఉంది. పూర్వం నవాబు ఆస్మాన్ జా బషీరుద్దౌలా నివసించిన సౌధం పేరు మీదుగా ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఆ సౌధం కాలగర్భంలో కలిసిపోయింది, పేరు మాత్రం నిలిచింది. అక్కడే ఫతే మైదాన్ ఉంది. 1687లో గోల్కొండ ముట్టడి వేళ మొగలు సేనలు విడిది చేసిన ఆ నేల, తరువాతి కాలంలో క్రీడాప్రాంగణంగా మారి, 1967 నుండి లాల్ బహదూర్ స్టేడియంగా ప్రసిద్ధి పొందింది. 1970 ఫిబ్రవరి 1వ తేదీన ఆ స్టేడియంలో ముప్పై వేల మందికి పైగా జనం సమావేశమయ్యారు. వారు వచ్చింది ఆటను చూడడానికి కాదు. పాతికేళ్లుగా తమ ఇళ్లలో వినిపిస్తున్న ఒక గొంతును సత్కరించుకోవడానికి వచ్చారు. ఆ గొంతు ఘంటసాల వెంకటేశ్వరరావుగారిది. ఆయన చలనచిత్ర గాయక జీవితానికి ఆనాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజతోత్సవం జరిపింది.

ఒక గాయకుణ్ణి ముప్పై వేల మంది ఒక్కచోట చేరి గౌరవించడం విశేషమే. అంతకంటె విశేషం మరొకటి ఉంది. వారిలో ప్రతి ఒక్కరూ ఆ గొంతును తమ సొంతమని భావించారు. రేడియో ముందు కూర్చున్న గృహిణి, సినిమా హాలులో నేల తరగతి ప్రేక్షకుడు, గ్రామఫోను చుట్టూ చేరిన పిల్లలు, ఎవరికి వారే ఆయన తమ కోసమే పాడుతున్నాడని అనుకొన్నారు. వేల మందికి ఒకేసారి వినిపిస్తూ, ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పినట్లు పాడగల నేర్పు ఆయనకు ఎట్లా అబ్బింది? ఆయన జీవితమే ఆ ప్రశ్నకు సమాధానం.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్య మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు. నారాయణతీర్థుల తరంగాలు ఆయనకు ప్రాణం. కుమారుణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకొని సంగీత సభలకు తీసుకొని వెళ్లేవారు. తరంగాలకు అనుగుణంగా పాడుతూ అడుగులు వేసే ఆ పసివాణ్ణి చూసి ముచ్చటపడిన పెద్దలు బాలభరతుడని పిలిచేవారు. ఆ సంబరం ఎంతోకాలం నిలువలేదు. వెంకటేశ్వరరావుకు పదకొండవ ఏట తండ్రి మరణించారు. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. కుటుంబ భారాన్ని మేనమామ ర్యాలి పిచ్చయ్య వహించారు.

తండ్రి కోరికను తీర్చాలన్న తపన ఉన్నా మార్గం తెలియలేదు. సమీప గ్రామంలో జరిగిన ఒక కచేరీలో బాలుడు విద్వాంసులతో పోటీపడి ఓడిపోయి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. ఆ అవమానం అతనిలో పట్టుదలను పెంచింది. నేర్వని విద్యతో సభకు ఎక్కరాదని అతనికి తెలిసివచ్చింది. విజయనగరంలో సంగీత కళాశాల ఉందని విని, వేలికి ఉన్న నలభై రూపాయల విలువ గల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మి, ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు.

1919లో నెలకొన్న విజయనగరం మహారాజా సంగీత కళాశాల ఆనాటికే తెలుగు దేశంలో సంగీత విద్యకు పెట్టని కోట. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. తరువాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యతను స్వీకరించారు. ఘంటసాల అక్కడికి చేరేసరికి వేసవి సెలవుల వలన కళాశాల మూసి ఉంది. ఊరుగాని ఊరిలో దిక్కుతోచక నిలిచిన బాలుణ్ణి గాత్ర పండితులు పట్రాయని సీతారామశాస్త్రి తమ ఇంట చేర్చుకొన్నారు. శాస్త్రిగారు స్వయంగా పేదవారు. శిష్యునికి విద్యనూ నీడనూ ఇవ్వగలిగారు గాని, రెండు పూటలా అన్నం పెట్టే స్తోమత ఆయనకు లేదు.

అప్పుడు ఘంటసాల భుజాన జోలె కట్టుకొని మధూకరానికి బయలుదేరాడు. ఇంటింటా అడిగి తెచ్చుకొన్న అన్నం రెండు పూటలకు సరిపెట్టుకొనేవాడు. పగలు తినగా మిగిలినది గుడ్డలో మూటగట్టి దాచుకొంటే, రాత్రికి దానికి చీమలు పట్టేవి. చీమలను దులుపుకొని ఆ అన్నమే తిని, మరల తంబురా ముందు కూర్చొనేవాడు. విద్యార్థి దశలో అన్నం కోసం చేయి చాచడం ఆనాటి సంప్రదాయంలో చిన్నతనం కాదు. అయినా వయస్సు వచ్చిన కుర్రవానికి ప్రతి గుమ్మం ముందు నిలబడడం తేలిక కాదు. ఆ జోలె తన జీవితానికి పెట్టిన భిక్ష అనే భావం ఆయనకు చివరి వరకు ఉండేది. విజయనగరం పేరు వింటే ఆయన మనస్సు తడి అయ్యేది.

విద్య ముగించుకొని స్వగ్రామానికి తిరిగివచ్చిన ఘంటసాల కచేరీలు చేస్తూ పిల్లలకు సంగీతం నేర్పసాగారు. అంతలో 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం దేశాన్ని కుదిపివేసింది. దేశభక్తి గీతాలు పాడుతూ ఆయన ఉద్యమంలో దూకారు. ప్రభుత్వం ఆయనను బంధించి బళ్లారి సమీపంలోని అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు ఉంచింది. విడుదలైన తరువాత 1944 మార్చి 4న సావిత్రిగారితో వివాహం జరిగింది. ఆనాటి సాయంత్రం పెళ్లికుమారుడే కచేరీ చేసి బంధువులను ఆశ్చర్యపరిచాడు. ఆ రోజులలోనే ప్రసిద్ధ చలనచిత్ర రచయిత సముద్రాల రాఘవాచార్య ఆయన గానం విని మద్రాసుకు రమ్మని ఆహ్వానించారు.

మద్రాసులో ఘంటసాలకు ఎదురైనది కొత్త లోకం. అక్కడ శ్రోత ఎదుట ఉండడు. ఎదుట ఉండేది మైకు. శాస్త్రీయ గాయకుడు దానితో మాటకలపడం నేర్వవలసిందే. ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి పద్యగాన పద్ధతిని జ్ఞాపకం చేసుకోవాలి. పల్లెల్లో పద్యనాటకాలు రాత్రంతా సాగేవి. మైకులు లేని రోజులలో చివరి వరుసలో కూర్చున్నవానికి కూడా వినిపించాలంటే నటుడు గొంతెత్తి పాడక తప్పదు. దీర్ఘమైన రాగాలాపన, పైస్థాయి స్వరం ఆ అవసరం నుండి పుట్టినవే. ఆ గానంలో రాగం మిన్నంటినా, పద్యంలోని మాట ఒక్కొక్కసారి మరుగున పడేది. ధ్వనిముద్రణ చరిత్రలోనూ ఇటువంటి దశ ఉంది. తొలినాళ్లలో గాయకులు ఒక పెద్ద గరాటు వంటి కొమ్ములోకి గట్టిగా పాడేవారు. 1925 తరువాత విద్యుత్ మైకు వాడుకలోకి రావడంతో, నెమ్మదిగా పలికిన మాట, నిట్టూర్పు, గొంతులోని సన్నని జీర కూడా రికార్డుకు ఎక్కసాగాయి. ఇక గాయకుడు అరవనక్కరలేదు. పక్కన కూర్చున్నవానికి చెప్పినట్లు పాడినా చాలు.

ఈ మార్పులోని మర్మాన్ని తెలుగు పద్యగానంలో అందరికంటె బాగా గ్రహించినవారు ఘంటసాల. ఆయన పద్యాన్ని అందుకొంటే ముందు వినిపించేది అర్థం. రాగం ఆ అర్థానికి తోడుగా నడిచేది. సంధులను ఎక్కడ విడదీయాలో, సమాసాన్ని ఎక్కడి వరకు ఒక ఊపిరిలో చెప్పాలో ఆయనకు తెలుసు. ఒత్తక్షరాన్ని ఒత్తి, మహాప్రాణాన్ని మహాప్రాణంగా పలికి, వాక్యం ముగిసేచోట స్వరాన్ని విశ్రాంతికి తెచ్చేవారు. అక్షరజ్ఞానం లేని శ్రోతకు కూడా పద్యం అర్థమైనట్లు తోచడానికి కారణం ఇదే. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం ఆయన గొంతులో రికార్డుగా వెలువడి, పుస్తకం ముట్టని వేల ఇళ్లకు ఒక ఆధునిక పద్యకావ్యాన్ని చేర్చింది. పువ్వుల మొరను ఆయన పెద్ద గొంతుతో చెప్పలేదు. ఆ మొర వినబడీ వినబడనట్లు సన్నగా సాగి, వినేవాని చేతిలోని పూలసజ్జను బరువెక్కించింది.

మద్రాసులో తొలి రోజులు సుఖంగా గడువలేదు. రేడియోలో పాటలు, సినిమాలలో బృందగానం, చిన్న వేషాలు ఆయనకు ఆధారమైనాయి. 1945లో విడుదలైన స్వర్గసీమ చిత్రంలో భానుమతితో కలిసి పాడినందుకు నూటపదహారు రూపాయలు పారితోషికంగా లభించాయి. నేపథ్య గాయకునిగా ఆయన ప్రస్థానం అక్కడ మొదలైంది. ఆపైన సంగీత దర్శకత్వ బాధ్యతలు వచ్చాయి. 1949లో మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ ఆయన పేరును ఇంటింటా నిలిపాయి. 1953 నాటి దేవదాసు చిత్రంలో సి.ఆర్. సుబ్బరామన్ స్వరాలకు ఆయన పోసిన ప్రాణం తెలుగువారి విషాదానికే ఒక శ్రుతిని ఇచ్చింది. అక్కినేని నాగేశ్వరరావుకు, నందమూరి తారక రామారావుకు ఆయనే పాడేవారు. అయినా తెర మీద ఎవరు పెదవి కదిపితే ఆ గొంతు వారిదే అనిపించేది. ఇదీ ఆయన మైకు ముందు నేర్చిన విద్యలోని భాగమే.

ఆనాటి ధ్వనిముద్రణ ఈనాటి వలె తీరికగా సాగేది కాదు. గాయకుడు, వాద్యబృందం ఒకేచోట కూర్చొని పాటను మొదటి నుండి చివరి వరకు ఒకే ఊపులో ముగించాలి. ఒక వయొలిన్ తీగ అపశ్రుతి పలికినా, గాయకుని నోట ఒక అక్షరం జారినా, అందరూ మరల మొదటికి రావలసిందే. గొంతును ఒకచోట, వాద్యాన్ని మరొకచోట ముద్రించి తరువాత సరిదిద్దే వీలు లేదు. 78 వేగంతో తిరిగే లక్క రికార్డు మీద ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. ఆ మూడు నిమిషాలలోనే పల్లవి, చరణాలు, భావం, రసం అన్నీ ఇమడాలి. ఆ కట్టుబాటు ఘంటసాల సంగీతానికి పొదుపును నేర్పింది. ఆయన పాటలో అనవసరమైన గమకం కనిపించదు.

ఆపైన నిమిషానికి ముప్పైమూడున్నర లోపు చుట్లు తిరిగే ఎల్.పి. రికార్డులు వచ్చాయి. వాటి మీద ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతాన్ని నింపవచ్చు. ఒక పాట తరువాత మరొక పాటగా గాక, ఒకే భావాన్ని ఆసాంతం అల్లి వినిపించే ఆల్బమ్ అనే ప్రక్రియకు అవి దారితీశాయి. ధ్వని వినిపించే తీరు కూడా మారింది. 1931లో లండనులో అలన్ బ్లమ్‌లైన్ అనే యువ ఇంజనీరు రెండు మైకులతో, రెండు స్పీకర్లతో ధ్వనికి దిక్కును కల్పించే పద్ధతిని రూపొందించాడు. ఒకే గాడి రెండు గోడల మీద కుడి, ఎడమ శబ్దాలను వేరువేరుగా చెక్కడం అందులోని కీలకం. అతడు 1942లో విమాన ప్రమాదంలో మరణించాడు. తన ఆవిష్కరణ స్టీరియో పేరుతో ప్రపంచమంతటా వ్యాపించడం చూడలేదు. ఆ దారిలోనే ముందుకు సాగి, శ్రోత ముందు మూడు, వెనుక రెండు స్పీకర్లు, మంద్రధ్వనులకు మరొకటి అమర్చే పద్ధతి వచ్చింది. శబ్దం నలువైపుల నుండి ఆవరించే ఈ ఏర్పాటునే సరౌండ్ సౌండ్ అంటున్నారు.

ఘంటసాల జీవిత చరమాంకం ఎల్.పి. రికార్డుతో ముడివడి ఉంది. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1971లో ఆయన అమెరికా, ఐరోపా దేశాలలో పర్యటించి, ఐక్యరాజ్యసమితి కార్యాలయంలోనూ గానం చేశారు. అయితే శరీరం ఆ వేగాన్ని తట్టుకోలేకపోయింది. అప్పటికే మధుమేహం ఆయనను బాధిస్తున్నది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తూ ఉండగా గుండెనొప్పి వచ్చింది. రెండేళ్ల క్రితం వేలాది జనం హర్షధ్వానాల మధ్య సత్కారం పొందిన స్టేడియానికి ఆ వేదిక కొద్ది దూరంలోనే ఉంది. పాడుతూ ఉండగా పలికే గొంతుకు ఆధారమైన గుండె తడబడింది. చాలా రోజులు ఆసుపత్రిలో చికిత్స పొందిన తరువాత ఆయన తిరిగి పాటకు వచ్చారు. కాని ఆయన చూపు మారింది. ఇంకెన్ని పాటలు పాడాలన్నది కాక, ఏది పాడి వెళ్లాలన్నది ఆయన ముందు నిలిచిన ప్రశ్న.

దానికి జవాబుగా ఆయన భగవద్గీతను ఎన్నుకొన్నారు. ఏడువందల శ్లోకాలలో నుండి నూటికి పైగా ఏరి, ఒక్కొక్క శ్లోకాన్ని తగిన రాగంలో పాడి, వెంటనే తెలుగు తాత్పర్యాన్ని తానే చదివి వినిపించారు. విజయనగరంలో విద్య నేర్పిన గురువు కుమారుడు పట్రాయని సంగీతరావు అనేక సంవత్సరాలుగా ఆయనకు సంగీత సహాయకులుగా ఉంటూ వచ్చారు. గురువు ఇంటి నుండి మొదలైన నడక ఆ విధంగా గురుపుత్రుని తోడుతోనే సాగింది. ఈ రికార్డులో వాద్యాల ఆర్భాటం లేదు. శ్లోకం శాంతంగా నడుస్తుంది. శ్రీకృష్ణుని పలుకులు ఉరుముల వలె ఉండవు. భయపడిన మిత్రుని భుజం మీద చేయి వేసి చెప్పినట్లుంటాయి. అనారోగ్యం వల్ల బరువెక్కిన గొంతే ఆ ధైర్యవచనాలను పలకడం శ్రోతకు తెలియకుండానే హృదయాన్ని తాకుతుంది.

గీత పూర్తి అయిన పిమ్మట సినిమా పాటల మీద ఆయనకు ఆసక్తి తగ్గింది. ఆరోగ్యం క్రమంగా క్షీణించింది. గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారి మీద నిర్మిస్తున్న డాక్యుమెంటరీకి పాడడం ఆయన చివరి గానమైంది. మరునాడు, 1974 ఫిబ్రవరి 11న, మద్రాసులో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభైఒక్క సంవత్సరాలు మాత్రమే. జోలె పట్టిన శిష్యునికి చివరి పాట గురుదక్షిణ అయింది.

ఆ తరువాత ఘంటసాల భగవద్గీతకు ఒక చిత్రమైన విధి సంప్రాప్తించింది. దేవాలయాలలో తెల్లవారుజామున మ్రోగే ఆ గానం, క్రమంగా మరణం సంభవించిన ఇంటి ముందు మ్రోగడం ఆచారమైంది. వీధిలో ఆ గొంతు వినబడితే ఎవరు పోయారని అడిగే పరిస్థితి ఏర్పడింది. నిజానికి గీత మరణించినవారి కోసం చెప్పినది కాదు. ధనుర్బాణాలు జారవిడిచి రథంలో కూలబడిన అర్జునుణ్ణి లేపి నిలబెట్టడానికి చెప్పినది. గాయకుడూ తన వ్యాధిని లెక్కచేయక బ్రతికినవారి కోసమే పాడారు. నిర్వేదంతో కూర్చున్న విద్యార్థి, నష్టపోయిన రైతు, పని చేయడానికి వెనుదీసిన ఉద్యోగి ఏకాంతంలో కూర్చొని ఆ రికార్డును ఒక్కసారి శ్రద్ధగా వింటే, అది మృత్యుగీతం కాదని, కర్తవ్యగీతమని తెలుస్తుంది.

ఘంటసాల గొంతు తరువాతి తరాలకు మరొక రూపంలోనూ చేరింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ మాయాబజార్ చిత్రానికి రంగులు అద్ది, ఒకే మార్గంలో ముద్రితమైన ధ్వనిని డి.టి.ఎస్. పద్ధతికి మార్చి, 2010 జనవరి 30న విడుదల చేసింది. ఆ చిత్రంలో కొన్ని పాటలకు సాలూరి రాజేశ్వరరావు వరుసలు కట్టగా, మిగిలిన సంగీతం ఘంటసాల సమకూర్చారు. అందులోని వెన్నెల నౌకావిహారం పాట ఆయన, పి. లీల కలిసి పాడినది. తెడ్డు పడే లయలో మెల్లగా సాగే ఆ పాట కోసం 1957లో ప్రేక్షకులు తెర వైపు చెవి ఒగ్గి కూర్చొనేవారు. ధ్వని అంతా ఎదుటి నుండే వచ్చేది. యాభై ఏళ్ల తరువాత, ఆ గొంతు పలికిన నాటికి పుట్టని వారు, నాలుగు వైపులా స్పీకర్లు అమర్చిన హాలులో ఆ చిత్రాన్ని విన్నారు.

యంత్రం శబ్దానికి విస్తారాన్ని ఇవ్వగలదు. ముందు, వెనుక, కుడి, ఎడమ అనే దిక్కులను కల్పించగలదు. పాత రికార్డులోని గరగరలను తొలగించగలదు. మాటకు అర్థాన్ని, అర్థానికి ఆర్ద్రతను అది ఇవ్వలేదు. అవి గాయకుడు ముందుగానే తన గొంతులో నింపి ఉంచాలి. ఒకే మైకు ముందు, ఒకే ఊపిరిలో, తప్పు దిద్దుకొనే అవకాశం లేకుండా పాడిన ఘంటసాల గానం ఒక్క స్పీకరు గల రేడియోలోనూ, ఆరు స్పీకర్ల హాలులోనూ సమానంగా శ్రోతను చేరడానికి కారణం ఇదే.

రవీంద్రభారతి ప్రాంగణంలో ఆయన విగ్రహం ఉంది. భారత తపాలా శాఖ 2003లో ఆయన వర్ధంతినాడు స్మారక తపాలా బిళ్లను వెలువరించింది. కాని విగ్రహాలకూ బిళ్లలకూ పలుకు లేదు. ఘంటసాలను తెలుసుకోదలచినవారు ఆయనను వినాలి. ఇతర పనులు పక్కన పెట్టి, ఒక పద్యాన్నో, ఒక శ్లోకాన్నో ఆసాంతం, అక్షరం అక్షరం వెంట నడుస్తూ వినాలి. విజయనగరం వీధులలో ఆకలిని ఓర్చి నేర్చిన విద్యకు శ్రోత చెల్లించగల ఋణం అటువంటి శ్రద్ధ ఒక్కటే.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఘంటసాల సంగీత విద్యాభ్యాసంలో ఎదుర్కొన్న కష్టాలను వివరించండి.
2. మైకు రాకతో పద్యగానంలో వచ్చిన మార్పును, దానిని ఘంటసాల వినియోగించుకొన్న తీరును తెలపండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఘంటసాల భగవద్గీత రికార్డు విశిష్టతను తెలపండి.
2. ఆనాటి ధ్వనిముద్రణ పద్ధతిని వివరించండి.
3. యంత్రం ఇవ్వగలిగినవి, ఇవ్వలేనివి ఏవి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఘంటసాల ఎప్పుడు, ఎక్కడ జన్మించారు?
2. ఆయనను తమ ఇంట చేర్చుకొన్న గురువు ఎవరు?
3. ఆయన ఏ జైలులో నిర్బంధింపబడ్డారు?
4. 1970 ఫిబ్రవరి 1న రజతోత్సవం ఎక్కడ జరిగింది?
5. ఆయన చివరి గానం ఎవరిని గురించిన డాక్యుమెంటరీకి పాడినది?